జరీబు నేల – అంగడి స్థలము

పారశీకమున జరీబు అనగా భూమిని కొలుచు మానము. కొలతగొలుసునకును అదే పేరు. కృష్ణాతీరపు రైతు నోట ఆ మాట కొలతను విడిచి గుణమును చెప్పుచున్నది. కొద్దిలోతుననే నీరు పడి, ఏడాది పొడుగునా అరటి, కూరగాయలు, పూలు పండు నేలను ఉండవల్లి, పెనుమాక ప్రాంతములవారు జరీబు అందురు. వానకై ఎదురు చూచునది మెట్ట.

2015లో రాజధాని అమరావతికై భూసమీకరణము జరిగినప్పుడు ఈ మాట మరల కొలతలలోనికి వచ్చినది. ఎకరమిచ్చిన రైతునకు, మెట్టయైనను జరీబైనను, నివాసస్థలము 1,000 చదరపు గజములే. భేదమంతయు వాణిజ్య స్థలమందున్నది: మెట్టకు 250 గజములు, జరీబునకు 450. ఈ లెక్క చదివి నేను కొంతసేపు ఆగిపోతిని. అరటి బాగుగా పండిన చేనికిని అంగడి బేరమునకును సంబంధమేమి? పైగా లాటరీలో వచ్చిన స్థలము తన పాత చేనే కానక్కరలేదు. నేటి సారమునకు వెల కట్టబోయి, దానిని రేపటి బేరముగా మార్చి వ్రాసిరి.

ఇండ్లకింత, అంగళ్లకింత అని ముందుగనే నేలను గీత గీసి ఉంచుట తప్పు కాదు. అట్లు ఉంచని పాత పట్టణములలో, బెజవాడ వన్‌టౌన్ సందులలో వలె, బండి మళ్లుటకే చోటుండదు. కాని అంగడికి ముందు కొనువారుండవలెను. వారికి ముందు ఇండ్లు, దారులు, కొలువులు. అంతవరకు ఆ గజములు కాగితముమీది గజములే. ఈ నిరీక్షణకు జరీబు ఎకరమునకు ఏటికి 50,000, మెట్టకు 30,000 రూపాయలు మొదలుగా, ఏటేట పెరుగునట్లు, పదేండ్ల కౌలు ఏర్పరచిరి. 2019లో పనులు నిలిచినవి; ఆ ఏటి చివర మూడు రాజధానుల ప్రతిపాదన వచ్చినది. అంగళ్లకై ఉంచిన చోట ముండ్లతుమ్మలు మొలిచినవి. 2024లో పనికి పూనుకొన్నప్పుడు మొదట కొట్టవలసి వచ్చినది ఆ తుమ్మలనే.

నా పూర్వవిద్యార్థి తండ్రి ఒకరు తన స్థలపు కాగితము చూపి, "మాస్టారూ, దీనికి నీళ్లెప్పుడు పెట్టాలంటారు?" అని నవ్విరి. ఆయనకు నవ్వుటకైనను ఒక కాగితమున్నది. ఆయన తోటలో తెల్లవారుజామున మల్లెలు కోసిన ఆడకూలీలకు గజములలో పాలు లేదు. భూమి లేని కుటుంబమునకు నెలకు 2,500 రూపాయల పింఛను ఏర్పరచిరి. కూలిపని దొరకునది మాత్రము ఏటి కావలి ఊళ్లలోనే.