జావాలో స్విచ్ లేకుండా సబ్‌క్లాసు ఆబ్జెక్టుల సృష్టి

జావా ప్రోగ్రామింగు భాషలో ఒక మూల క్లాసుకు అనేక సబ్‌క్లాసులు ఉన్నప్పుడు, ప్రోగ్రాము నడిచే సమయంలో అందిన పేరును బట్టి తగిన సబ్‌క్లాసు ఆబ్జెక్టును తయారుచేయవలసి వస్తుంది. ఇందుకు పొడవాటి స్విచ్ వాక్యాలకు బదులుగా పేర్ల పట్టికను వాడవచ్చును.

స్విచ్‌తో చిక్కు

'ఆకారం' అనే మూల క్లాసుకు 'వృత్తం', 'చతురస్రం', 'త్రిభుజం' అనే సబ్‌క్లాసులు ఉన్నాయనుకొందాం. ఫైలులో ఉన్న పేరును చదివి ఆ ఆకారాన్ని సృష్టించాలి. మూడింటికి స్విచ్ చాలును, చదవడానికీ హాయిగా ఉంటుంది. ఆకారాలు ముప్పై అయినప్పుడు తిప్పలు మొదలవుతాయి. పాత పద్ధతి స్విచ్‌లో ఒక కేస్ చివర బ్రేక్ మరచితే, వృత్తం తయారైన వెంటనే ప్రోగ్రాము తరువాతి కేస్‌లోకి జారి, అదే చలరాశిలో చతురస్రాన్ని ఉంచుతుంది. సాధారణంగా కంపైలరు దీనిని దోషంగా చూపదు.

వైశాల్యం లెక్కించడం వంటి పనులకు స్విచ్ అవసరమే లేదు. ప్రతి సబ్‌క్లాసూ తన మెథడ్‌ను తానే వ్రాసుకొంటుంది. కాని సృష్టి సమయానికి ఆబ్జెక్టే లేదు కనుక బహురూపత అక్కడ అక్కరకు రాదు.

పేర్ల పట్టిక

జావా 8 (2014) నుండి కన్‌స్ట్రక్టర్‌ను సూచించే రెఫరెన్సును సప్లయర్ రూపంలో మ్యాప్‌లో దాచవచ్చును. 'వృత్తం' అన్న పేరుకు ఎదురుగా వృత్తం కన్‌స్ట్రక్టర్ ఉంటుంది. పేరుతో వెదకి, దొరికిన సప్లయర్‌ను పిలిస్తే ప్రతిసారీ కొత్త ఆబ్జెక్టు వస్తుంది. మ్యాప్‌లో సప్లయర్‌కు బదులు ఆబ్జెక్టునే ఉంచితే అడిగినవారందరికీ ఒకే వృత్తం అందుతుంది. ఒకరు వ్యాసార్ధం మార్చితే అందరిదీ మారుతుంది. పట్టికలో లేని పేరుకు మ్యాప్ నల్ ఇస్తుంది కనుక దానిని ముందే పరీక్షించి, అర్థమయ్యే ఎక్సెప్షన్ ఇవ్వాలి.

రిఫ్లెక్షన్

క్లాసు పేరునే ఇచ్చి రిఫ్లెక్షన్ ద్వారా ఆబ్జెక్టును సృష్టించడం మరొక మార్గం. ఇందులో పట్టిక కూడా అక్కరలేదు. అయితే పేరులో అక్షరదోషం ఉంటే ప్రోగ్రాము నడిచేటప్పుడే బయటపడుతుంది. బయటివారు పంపిన పేరును నేరుగా వాడితే, వారు కోరిన ఏ క్లాసునైనా లోడు చేసే అవకాశం ఇచ్చినట్లే. విద్యార్థులకు పట్టిక పద్ధతే క్షేమం.

స్వయం నమోదు

సబ్‌క్లాసులు తమ స్టాటిక్ బ్లాకులో తామే పట్టికలో నమోదయ్యే ఏర్పాటు చూడ ముచ్చటైనదే. కాని క్లాసును ఎవరైనా వాడేవరకు జావా ఆ బ్లాకును నడపదు. కనుక నమోదు జరగకుండానే పోవచ్చును. జేడీబీసీ డ్రైవర్లను పేరు పెట్టి లోడు చేయవలసి రావడానికి కారణం ఇదే. 2006లో వచ్చిన జావా 6లోని సర్వీస్‌లోడర్ వల్ల, జేడీబీసీ 4.0 డ్రైవర్లకు ఆ అవసరం తొలగింది.