కూర ఏమిటో తేలని పూట: కతర్‌గామ్ ఇళ్లలో చీటీల డబ్బా

దీపావళి వచ్చిందంటే సూరత్‌లోని కతర్‌గామ్‌లో వజ్రాలకు సానపట్టే కార్ఖానాలు కొన్ని వారాల పాటు మూతపడతాయి. సౌరాష్ట్రలోని సొంతూళ్లకు వెళ్లేవారు వెళ్లగా, మిగిలినవారికి ఇల్లే లోకం. 2020 లాక్‌డౌన్‌లో ఈ అనుభవం దేశమంతటికీ ఎదురైంది. పనిరోజుల్లో గడియారమే తేల్చే చిన్న సంగతులు సెలవుల్లో ఓ పట్టాన తేలవు. ఏ కూర వండాలి, ఏ సినిమా చూడాలి, ముందు ఏ అలమర సర్దాలి అని మీనమేషాలు లెక్కిస్తుండగానే మధ్యాహ్నం దాటిపోతుంది.

ఇది బద్ధకం కాదు. అవకాశాలు పెరిగిన కొద్దీ ఎంచుకునే భారమూ పెరగవచ్చు. 2000లో షీనా అయ్యంగార్, మార్క్ లెపర్ ప్రచురించిన ప్రయోగంలో 24 రకాల జామ్‌లు ఉంచిన బల్ల వద్ద ఆగినవారిలో సుమారు 3 శాతం మందే కొన్నారు. 6 రకాలే ఉంచినప్పుడు 30 శాతం మంది కొన్నారు. తరువాతి పరిశోధనల్లో ఈ ఫలితం అన్నిచోట్లా నిలవలేదన్నదీ నిజమే. అయినా నిండిన ఫ్రిజ్ ముందు నిలబడిన గృహిణికి ఈ లెక్క కొత్తగా తోచదు. అత్యుత్తమమైనది దొరికేదాకా వెతకడం కంటే, అవసరానికి సరిపోయేది కనబడగానే ఆగడం మేలన్న ఆలోచనకు 1956లోనే రూపమిచ్చినవారు హెర్బర్ట్ సైమన్. 1978లో ఆయన ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్నారు.

ఇంట్లో దీన్ని ఆటగా మలచుకోవచ్చు. ఒక్కొక్కరు రెండేసి వంటకాల పేర్లు రాసి డబ్బాలో వేస్తే, ఉదయం అందరికంటే చిన్నవారు ఒక చీటీ తీస్తారు. కాకరకాయ వచ్చినా అప్పీలు లేదు. రెండింటి మధ్యే ఊగిసలాట అయితే బొమ్మా బొరుసా వేయవచ్చు. నాణెం గాలిలో ఉండగానే ఏది పడాలని మనసు కోరుతుందో తెలిసిపోతుంది. ఇక నేలమీద చూడనక్కరలేదు. శీతాకాలంలో కతర్‌గామ్‌కు ఆ శ్రమా తప్పుతుంది. ఈ ప్రాంతం పేరుతోనే ప్రసిద్ధి చెందిన పాప్‌డీ చిక్కుళ్లు సంతకు రాగానే ఉంధియు ఖాయమవుతుంది.

అన్నీ చీటీకి వదిలేవి కావు. ముడివజ్రాన్ని ఎటు కోయాలో నిర్ణయించేవారు లోపలి మచ్చలు, పగుళ్లు, మిగిలే బరువు పరిశీలించాకే గీత గీస్తారు. కోసిన రాయి తిరిగి అతకదు. పీసు లెక్కన కూలి అందుకునే కుటుంబానికి సెలవు పొడిగితే ఆదాయం ఆగుతుంది. అప్పు చేయాలా, బంగారం తాకట్టు పెట్టాలా, పిల్లల బడి మాన్పించి ఊరికి మారాలా అన్నవి ఆ కోవలోవే. వడ్డీ ఎంత, తీర్చే గడువు ఎంత, చేతిలో ఎన్ని నెలల ఖర్చు ఉంది అన్నది కాగితంపై వేసుకుని, ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోవలసినవి. చీటీల డబ్బాతో ఉదయం మిగిలిన గంట అందుకు పనికొస్తుంది.