ప్రసారకర్త స్వీయవాక్కు - సంస్థా నిష్పాక్షికత

ఏ పక్షమునకును ఒరగకుండుట ప్రసారసంస్థకు నియమము. ఉద్యోగి సామాజిక మాధ్యమమున తన పేరిట వ్రాసిన వాక్యమునకును ఇది వర్తించునా?

2023 మార్చి 7న బి.బి.సి. క్రీడావ్యాఖ్యాత గ్యారీ లినేకర్, శరణార్థుల విషయమున బ్రిటిష్ ప్రభుత్వము వాడిన భాషను 1930ల నాటి జర్మనీ భాషతో పోల్చెను. 10న సంస్థ ఆయనను కార్యక్రమమునుండి తప్పించెను. సహచరులును విరమింపగా, మరునాడు ‘మ్యాచ్ ఆఫ్ ద డే’ వ్యాఖ్యాతలు లేకయే సుమారు 20 నిమిషములు సాగెను. 13న సంస్థ ఆయన పునరాగమనమును, నియమముల స్వతంత్రసమీక్షను ప్రకటించెను.

సెప్టెంబరులో వెలువడిన నియమములు సూక్ష్మభేదమును పాటించినవి. ప్రధాన కార్యక్రమముల వ్యాఖ్యాతలు విధానములపై అభిప్రాయము చెప్పవచ్చును. రాజకీయపక్షమును సమర్థింపరాదు, దూషింపరాదు. నాయకుల శీలమును విమర్శింపరాదు. వార్తావిభాగమువారికి కట్టుబాటు ఇంతకంటె కఠినము.

వ్యంగ్యార్థస్ఫురణకు వక్తృవైశిష్ట్యము ఒక హేతువని మమ్మటుడు చెప్పెను. ప్రసారకర్త కీర్తి ప్రసారమువలన కలిగినది. కావున ఆతని స్వీయవాక్యమునందును శ్రోతకు సంస్థ ధ్వనించును. సంస్థ వాదమునకు బలమిదియే. అయితే ప్రభుత్వవిమర్శకుని తొలగించుటయు ఒక వాక్యమే; దానియందును పక్షము ధ్వనింపవచ్చును. మౌనమును విధించు సంస్థ ఈ రెండవ ధ్వనికిని బాధ్యత వహింపవలసియుండును.