మీకు తెలుసా? మొదటి గేమింగ్ పీసీ బిగించే ముందు...

ఒక కంపెనీ మదర్‌బోర్డు మరో కంపెనీ క్యాబినెట్‌లో స్క్రూ రంధ్రాలతో సహా సరిపోతోందంటే, అది 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ ప్రమాణం చలవే.

భాగాలు ఇలా సరిపోయినా, కొత్తవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ర్యామ్ దగ్గర. 16 జీబీ కావాలంటే ఒకే 16 కన్నా రెండు 8లు మేలు; ప్రాసెసర్‌కు డేటా రెండు దారుల్లో అందుతుంది. నాలుగు స్లాట్లుంటే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. అంతటితో అయిపోలేదు. పెట్టె మీద 6000 అని రాసున్న డీడీఆర్5 ర్యామ్ కూడా, బయోస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో అనే సెట్టింగ్ ఆన్ చేసేదాకా తక్కువ వేగంతోనే, చాలాసార్లు 4800 దగ్గరే, నడుస్తుంది. డబ్బు పోసి కొన్న వేగాన్ని ఏళ్ల తరబడి వాడుకోనివాళ్లు ఉండటం నిజంగా బాధ కలిగించే విషయం.

మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డుకు కాదు, గ్రాఫిక్స్ కార్డుకే తగిలించాలి. 144 హెర్ట్జ్ మానిటర్ కొన్నా విండోస్ సెట్టింగుల్లో మార్చకపోతే 60లోనే ఉండిపోవచ్చు. కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర ఉంటే తీసేయండి.

పవర్ సప్లై మీది 80 ప్లస్ గుర్తు కరెంటు ఎంత తక్కువగా వృథా అవుతుందో చెబుతుంది గానీ నాణ్యతకు హామీ కాదు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా, రంగుల లైట్ల ఖర్చు తగ్గించుకోండి. పవర్ సప్లై దగ్గర మాత్రం పొదుపు చేయకండి.