క్షేత్ర పరిశోధనలో స్మార్ట్‌ఫోన్ బ్యాటరీ సంరక్షణ: ముంచింగిపుట్టు నేపథ్యం

1. ఉపోద్ఘాతం

అల్లూరి సీతారామరాజు జిల్లా ముంచింగిపుట్టు మండలంలో మౌఖిక సాహిత్యాన్ని సేకరించే పరిశోధకుడికి నేడు స్మార్ట్‌ఫోనే ధ్వనిముద్రణ యంత్రం, కెమెరా, టిప్పణ పుస్తకం. వృద్ధురాలొకరు పాట పాడుతుండగా ఫోన్ ఆగిపోతే ఆ పాఠం అసంపూర్ణమవుతుంది. మౌఖిక సంప్రదాయంలో ప్రతి ప్రదర్శనా ఒక పాఠాంతరమే కనుక అదే పాట అదే రూపంలో మళ్లీ లభించదు. అందువల్ల బ్యాటరీ స్వభావాన్ని తెలుసుకోవడం క్షేత్ర పరిశోధన పద్ధతిలో భాగమే అవుతుంది.

2. బ్యాటరీ పనితీరు

లిథియం అయాన్ బ్యాటరీని సోనీ సంస్థ 1991లో వాణిజ్యపరంగా ప్రవేశపెట్టింది. దీని రూపకల్పనకు గుడ్‌ఇనఫ్, విటింగ్‌హామ్, యోషినోలు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ పురస్కారం అందుకున్నారు. ఛార్జింగ్ సమయంలో లిథియం అయాన్లు ధన విద్యుద్వారం నుంచి విద్యుద్విశ్లేష్యం గుండా గ్రాఫైట్ పొరల్లోకి చేరతాయి. వాడకంలో తిరిగి వస్తాయి. అధిక వోల్టేజి, వేడి తోడైనప్పుడు అవాంఛిత చర్యలు పెరిగి, పనికివచ్చే లిథియం తగ్గుతుంది. కనుక నిత్యవాడకంలో ఛార్జింగును 20 నుంచి 80 శాతం మధ్య ఉంచడం మేలు. పూర్తిగా ఖాళీ చేసి నింపాలన్న పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల నియమం దీనికి వర్తించదు.

3. కొండ ప్రాంతంలో పాటించవలసినవి

మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955 నుంచి ఈ సరిహద్దు కొండల నీటితోనే విద్యుత్తును ఉత్పత్తి చేస్తున్నది. అయినా గాలివానకు తీగలు తెగితే మారుమూల ఊళ్లో ఛార్జింగుకు భరోసా లేదు. అందుచేత బయలుదేరే ఉదయం నూరు శాతం నింపుకోవడం సమంజసమే. అలా నింపి రోజుల తరబడి ఉంచడమే హానికరం.

శీతకాలపు చలిలో బ్యాటరీ అంతర్నిరోధం పెరిగి, ఛార్జింగ్ మిగిలి ఉన్నా ఫోన్ ఆగిపోవచ్చు. దానిని దుస్తుల లోపల ఉంచుకుంటే చాలు. నెగడు దగ్గర వేడి చేయరాదు. సున్నా డిగ్రీల కంటే తక్కువ చలిలో ఛార్జింగ్ చేస్తే గ్రాఫైట్‌పై లిథియం లోహంగా పేరుకుంటుంది. సిగ్నల్ బలహీనమైన చోట ఫోన్ టవరు కోసం వెతుకుతూ శక్తిని వెచ్చిస్తుంది. ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచితే ఆ ఖర్చు తగ్గుతుంది, ధ్వనిముద్రణకు ఆటంకముండదు. ఉబ్బిన బ్యాటరీని నొక్కరాదు, గుచ్చరాదు. వెంటనే వాడకం మానాలి.

4. ముగింపు

క్షేత్రయాత్రల నడుమ ఫోన్‌ను వాడకుండా ఉంచవలసివస్తే సగం ఛార్జింగుతో చల్లని చోట భద్రపరచాలి. ప్రశ్నావళిని సిద్ధం చేసుకున్నంత శ్రద్ధగా బ్యాటరీనీ సిద్ధం చేసుకున్నప్పుడే, పాడేవారు పాట ముగించే వరకు వినే సాధనం మేలుకొని ఉంటుంది.