స్నో లెక్క: బఫలో ఎక్కువా, సిరక్యూస్ ఎక్కువా?

ఈ ఎపిసోడ్ ఒకే ఒక్క మెసేజ్ వల్ల చేస్తున్నా. "అన్నా, ఎమ్మెస్‌కి బఫలోలోనూ సిరక్యూస్‌లోనూ అడ్మిట్ వచ్చింది. ఫీజులు దగ్గర దగ్గరగానే ఉన్నాయి. అమ్మ మాత్రం స్నో తక్కువ పడే ఊరికే పంపిస్తానంటోంది. ఏది తక్కువ?" అని ఒక తమ్ముడు అడిగాడు. ఫోన్‌లో రెండు నిమిషాలు వెతికితే దొరికే జవాబే. కానీ ఆ ఒక్క నంబర్ పట్టుకుని ఊరు డిసైడ్ చేసుకోవద్దని చెప్పడానికే ఇంత సేపు.

ఒక మాట. మనకి పొద్దున్నే పట్టే పొగమంచూ మంచే, ఇదీ మంచే. గందరగోళం వద్దు, నేను స్నో అనే అంటాను.

ముందు నంబర్లు. 1991 నుంచి 2020 దాకా 30 ఏళ్ల సగటు తీస్తే, ఒక సీజన్‌కి సిరక్యూస్‌లో సుమారు 128 అంగుళాలు, రోచెస్టర్‌లో 102, బఫలోలో 95, ఆల్బనీలో 59. అన్నీ న్యూయార్క్ రాష్ట్రంలోనివే. అక్కడి ఐదు ఊళ్ల మధ్య దీనికి పోటీ కూడా ఉంది, గోల్డెన్ స్నోబాల్ అని. ఎక్కువసార్లు సిరక్యూస్‌దే గెలుపు.

128 అంగుళాలంటే పదిన్నర అడుగులు. మన ఇంటి స్లాబ్ ఎత్తు. అయితే వీధిలో అంత ఎత్తు పేరుకుని ఉంటుందని కాదు. ఏడాది పొడవునా పడ్డ జీతాలన్నీ కూడితే వచ్చే మొత్తం లాంటిది ఇది. ఏ రోజు చూసినా బ్యాలెన్స్ అంత ఉండదు కదా? స్నో కూడా కరుగుతుంది, అణిగిపోతుంది.

ఆ అణగడం దగ్గరే కొలతలో తమాషా ఉంది. తెల్లటి బోర్డు మీద పడ్డ స్నోని స్కేలు పెట్టి కొలుస్తారు, తుడిచేస్తారు, మళ్లీ పడనిస్తారు. రోజుకి నాలుగుసార్లకి మించి ఇలా చేయకూడదని రూల్. ఎందుకంటే అణగకముందే కొలిచి తుడిచేస్తూ పోతే టోటల్ పెరిగిపోతుంది. 1997 జనవరిలో అదే రాష్ట్రంలో మోంటగ్యూ అనే చోట 24 గంటల్లో 77 అంగుళాలు పడిందన్నారు. దేశానికే రికార్డు అయ్యేది. తీరా చూస్తే ఆరుసార్లు కొలిచారని తేలింది, రికార్డు ఒప్పుకోలేదు. కోడ్‌లో లూప్ రెండుసార్లు ఎక్కువ తిరిగితే వచ్చే బగ్ లాంటిదే, కాకపోతే ఇది స్కేలుతో.

ఇంకోటి, బఫలో నంబర్ అంటే బఫలో ఎయిర్‌పోర్ట్ నంబర్. 2022 నవంబర్ తుఫానులో ఊరికి దక్షిణాన ఉన్న ఆర్చర్డ్ పార్క్‌లో ఆరడుగులకి పైగా పడితే, ఎయిర్‌పోర్ట్‌లో అందులో దాదాపు సగమే. సరస్సు మీంచి వచ్చే స్నో మేఘం సన్నటి పట్టీలా ఉంటుంది. పట్టీ కింద ఉన్నవాడికి తలుపు తీయడం కష్టం, కొన్ని మైళ్ల అవతల ఉన్నవాడికి ఎండ.

సిరక్యూస్‌కి ఎక్కువ పడటానికీ సరస్సే కారణం. చల్లగాలి వెచ్చటి నీటి మీదుగా వస్తూ తేమ తాగి, ఒడ్డు దాటాక దాన్ని స్నోగా దింపుతుంది. బఫలో పక్కనున్న ఈరీ సరస్సు లోతు తక్కువ, సగటున 19 మీటర్లు. చాలా ఏళ్లు చలికాలం మధ్యలో చాలా భాగం గడ్డకట్టేస్తుంది, తేమ సప్లై తగ్గిపోతుంది. సిరక్యూస్‌కి స్నో పంపే ఒంటారియో సగటు లోతు 86 మీటర్లు. అంత సులభంగా గడ్డకట్టదు, ఫిబ్రవరిలోనూ పంపుతూనే ఉంటుంది.

అంటే బఫలోనే సేఫ్ అనిపిస్తోందా? ఇప్పుడు వినండి. 1977 జనవరి 28న బఫలోలో బ్లిజార్డ్ మొదలైంది. ఆ నాలుగైదు రోజుల్లో కొత్తగా పడ్డ స్నో సుమారు 12 అంగుళాలు, అంతే. కానీ ఈరీ డిసెంబర్ మధ్యకే గడ్డకట్టి ఉంది, దాని మీద వారాల తరబడి పొడి స్నో పేరుకుని ఉంది. గంటకి 110 కిలోమీటర్ల గాలి దాన్నంతా ఎత్తి ఊళ్లో పోసింది. 20 మందికి పైగా చనిపోయారు, కొందరు కూరుకుపోయిన కార్లలోనే. లెక్క పుస్తకంలో మాత్రం 12 అంగుళాలు.

అమెరికా వాతావరణ శాఖ బ్లిజార్డ్ అని దేన్నంటుందో చూడండి: గంటకి 56 కిలోమీటర్లు, ఆపైన గాలి, 400 మీటర్ల అవతల ఏమీ కనబడకపోవడం, ఇది కనీసం మూడు గంటలు. ఎంత స్నో పడాలన్న నంబరే లేదు! 2022 క్రిస్మస్‌కి మళ్లీ బఫలోలోనే అది వచ్చింది. ఎయిర్‌పోర్ట్‌లో నాలుగైదు రోజుల్లో 50 అంగుళాలకి పైగా పడింది, ఆ చుట్టుపక్కల 40 మందికి పైగా పోయారు. సిరక్యూస్‌కి ఆ సీజన్ మొత్తం దాని సగటుకి చాలా కిందే.

కాబట్టి తమ్ముడూ, అమ్మకి నిజం చెప్పాలంటే: టోటల్ తక్కువ బఫలోలో, గాలి భయం కూడా బఫలోలోనే. కోర్సు చూసి ఎంచుకో. రూమ్ మాత్రం క్యాంపస్‌కి నడిచి వెళ్లేంత దగ్గర్లో తీసుకో. ట్రావెల్ బ్యాన్ అన్నారంటే పాల ప్యాకెట్ కోసం కూడా బండి తీయకు. ఒకవేళ బండిలో ఇరుక్కుపోతే హీటర్ కోసం ఇంజిన్ ఆన్ చేసేముందు దిగి, వెనక సైలెన్సర్ చుట్టూ స్నో తీసెయ్. అది మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది, వాసన కూడా రాదు. కిటికీ కొంచెం దించి ఉంచు, గంటకి ఓ పది నిమిషాలే ఇంజిన్ నడుపు.