తెర దించాక పని మొదలుపెట్టే మనిషి

తాడేపల్లి, మంగళగిరి, తెనాలి చుట్టుపక్కల పరిషత్తు నాటకాలు చూసేవారికి నాటక రచయిత ఎవరో, దర్శకుడు ఏం చేస్తాడో చెప్పనక్కర్లేదు. హార్మోనిస్టూ మేకప్ వేసే మనిషీ కూడా తెలిసినవాళ్లే. నాటక పరిశోధకుడు అనేసరికి మాత్రం సందేహం వస్తుంది. ఆడేవాళ్లు ఆడుతున్నారు, చూసేవాళ్లు చూస్తున్నారు, మధ్యలో ఈయనకేం పని? ఈ ప్రశ్నకు మన ప్రాంతంలోనే పుట్టిన మొదలి నాగభూషణశర్మ జీవితం మంచి జవాబు.

ఆయన 1935 జూలై 24న ధూళిపూడిలో పుట్టారు. అప్పట్లో గుంటూరు జిల్లాలో ఉన్న ఆ ఊరు 2022 నుంచి బాపట్ల జిల్లాలోకి వచ్చింది. ఆ చుట్టుపక్కలంతా నాటకాల గాలే. ఆంధ్ర నాటక కళాపరిషత్తు 1929లో పుట్టింది తెనాలిలో. ఆడవేషాలకు పెట్టింది పేరైన స్థానం నరసింహారావుది బాపట్ల. శర్మగారు కూడా ఆడవేషంతోనే రంగస్థలం ఎక్కారు. తర్వాత ఇంగ్లీషు సాహిత్యం చదివి అధ్యాపకులయ్యారు. అమెరికా వెళ్లి నాటకకళ నేర్చుకుని వచ్చి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల శాఖకు అధిపతిగా పనిచేశారు. నాటకాలు, నాటికలు, రేడియో నాటికలు రాశారు, దర్శకత్వం వహించారు, వాటితోపాటు నాటకం మీద పుస్తకాలూ రాశారు. 2013 సంవత్సరానికి కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్నారు. 2019 జనవరి 15న తెనాలిలో కన్నుమూశారు.

నాటకానికి పరిశోధకుడు ఎందుకు కావాలో ఒక ఉదాహరణతో చూద్దాం. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు అచ్చులో దొరుకుతాయి. పుస్తకంలో పద్యమంటే నాలుగు పాదాలే. అదే పద్యాన్ని రాయబారం సీనులో కృష్ణుడు రాగం తీసి పాడుతుంటే ఎదురుగా దుర్యోధనుడు కదలకుండా నిలబడాలి. జనం 'వన్స్ మోర్' అంటే మళ్లీ మొదటినుంచి వినాలి. ఆ రాగం, ఆ నిలబడటం, ఆ కేకలు ఏవీ పుస్తకంలో ఉండవు. నవల అయితే వందేళ్ల తర్వాత తెరిచినా పూర్తిగా దొరుకుతుంది. నాటకంలో మాత్రం మాటలు మిగిలి, ఆట పోతుంది. ఆ పోయేదాన్ని చూసి, అడిగి, రాసి పెట్టడమే పరిశోధకుడి మొదటి పని.

రాతప్రతి కూడా లేని కళల విషయంలో ఈ పని మరింత అవసరం. తోలుబొమ్మలాట మీద శర్మగారి ఇంగ్లీషు పుస్తకాన్ని కేంద్ర సంగీత నాటక అకాడమీ 1985లో ప్రచురించింది. ఈ ఆటలో వెలుతురు దూరేలా తోలును పల్చగా చేసి, రంగులు వేసి, మనిషెత్తు బొమ్మలు కడతారు. వెనకనుంచి దీపం పెట్టి తెరమీద ఆడిస్తారు. ఆడించేవాళ్లే పద్యం పాడతారు, సంభాషణ చెబుతారు, కాలికింద చెక్కను తొక్కుతూ యుద్ధం చప్పుడు పుట్టిస్తారు. రామాయణం మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు దూరి ఊళ్లో సంగతులమీద హాస్యమాడి పోతారు. ఇందులో చాలా భాగం కుటుంబాల నోట్లో, చేతుల్లో ఉన్న విద్య. ఒక కుటుంబం ఆట మానేసి వేరే పనికి వెళితే, దానితోపాటు ఒక పాఠమూ పోయినట్టే.

ఇదే అవసరం ఆఫ్రికాలో ఇంకా పెద్ద ఎత్తున వచ్చింది. ఘనాకు చెందిన ఎఫువా సదర్లాండ్ 1960 ప్రాంతంలో ఆక్రా నగరంలో డ్రామా స్టూడియో నెలకొల్పారు. విశ్వవిద్యాలయంలో పరిశోధకురాలిగా ఉంటూ ఊళ్లలో అనాన్సే కథలు చెప్పే తీరును పరిశీలించారు. అనాన్సే అంటే జిత్తులమారి సాలీడు. కథకుడు చెబుతుంటే మధ్యలో జనం పాట ఎత్తుకుని కథను ఆపే పద్ధతి అక్కడ ఉంది. దాన్నే ఆమె 'అనాన్సేవా పెళ్లి' నాటకానికి నిర్మాణంగా మలుచుకున్నారు. నైజీరియాలో వోలె సోయింకా 1960లో ఇంగ్లండునుంచి తిరిగొచ్చి, దేశమంతా తిరిగి పండగల్లో ఆడే ఆటలను అధ్యయనం చేశారు. 1986లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. యూరపు తరహా రంగస్థలం, అచ్చయిన నాటకం ఉంటేనే నాటకమని ఒప్పుకునే వలస పాలకుల కొలతకు వీళ్ల రచనలే సమాధానం.

ఆ కొలత మన దగ్గరా ఉంది. తెలుగు నాటకం ఎప్పుడు మొదలైందంటే 1860 ప్రాంతంలో కోరాడ రామచంద్రశాస్త్రి రాసిన మంజరీ మధుకరీయమనో, 1880లో కందుకూరి వీరేశలింగం చేయించిన ప్రదర్శన అనో చెబుతాం. ఆధునిక నాటకం వరకే అయితే అది సరైన లెక్కే. కానీ అంతకుముందు వందల ఏళ్లుగా జనం చూసిన యక్షగానం, వీధినాటకం, తోలుబొమ్మలాట ఏమయ్యాయి? వాటిని జానపదం అని ఓ పక్కన పెడితే, మన నాటకానికి వయసు నూటయాభై ఏళ్ల పైచిలుకే తేలుతుంది. జానపద ప్రదర్శన కళల మీద శర్మగారు చేసిన కృషి ఆ చరిత్రను వెనక్కి జరుపుతుంది.

పరిశోధకుడే నాటకకర్త కావడం వల్ల లాభమేమిటి? వేషం కట్టినవాడికి మాట ఎక్కడ తేలిపోతుందో, జనం ఎక్కడ కదులుతారో తెలుసు. అందుకే ఒక ప్రదర్శనను చూసినప్పుడు కథతో ఆగిపోకుండా, అది ఎలా నడిచిందో అడుగుతాడు. పాత ఆటల లోతు తెలిసినవాడు కొత్త నాటకం రాసేటప్పుడు పరిషత్తు పోటీల నిబంధనలకు సరిపడే ఒకటే మూసలో ఇరుక్కుపోడు. రెండు పనులూ ఒకదాన్నొకటి సరిదిద్దుతాయి.

ఈ పని విశ్వవిద్యాలయాలకే వదిలేయాల్సిందీ కాదు. మన ఊరి నాటక సమాజాల దగ్గర దర్శకుడు గుర్తులు పెట్టుకున్న రాతప్రతులు, కరపత్రాలు, పాత ఫొటోలు ఉంటాయి. ఫొటో వెనక ఎవరు ఏ వేషమో, ఏ ఏడాదో, ఏ ఊళ్లో ఆడారో రాసిపెడితే చాలు. రేపు ఈ ప్రాంత నాటక చరిత్ర రాసేవారు ముందుగా వెతికేది వాటినే.